దిక్కులు చూపే యాప్‌కి కాంటాక్ట్స్ ఎందుకు?

కూకట్‌పల్లిలో ఫ్లాట్ చూడటానికి వెళ్తూ కంపాస్ యాప్ వేసుకుంటే లొకేషన్, కాంటాక్ట్స్ అడిగిందని, ఇవ్వచ్చా అని మీ ప్రశ్న. కాంటాక్ట్స్ అస్సలు ఇవ్వకండి.

ఫోన్‌లో అయస్కాంత క్షేత్రాన్ని కొలిచే సెన్సర్ ఉంటుంది. దాన్ని చదవడానికి ఆండ్రాయిడ్‌లో ఏ అనుమతీ అక్కర్లేదు. లొకేషన్ అడగడానికి మాత్రం ఒక కారణం ఉంది. అయస్కాంతం చూపే ఉత్తరానికీ అసలు ఉత్తరానికీ కాస్త తేడా ఉంటుంది, అది ఊరిని బట్టి మారుతుంది. హైదరాబాద్‌లో ఆ తేడా ఒక డిగ్రీ దరిదాపుల్లోనే. పిల్లర్లలోని ఇనుప కడ్డీలు ముల్లును అంతకంటే ఎక్కువే తిప్పేస్తాయి! అందుకే లొకేషన్ ఇవ్వకపోయినా గుమ్మం ఏ దిక్కో తెలుస్తుంది. ఇవ్వాలనుకుంటే 'ఈసారికి మాత్రమే' అన్నది నొక్కండి, 2020లో వచ్చిన ఆండ్రాయిడ్ 11 నుంచి అది ఉంది.

కాంటాక్ట్స్ సంగతి వేరు. అవి మీవి మాత్రమే కావు, అమ్మ నంబరు, పిల్లల టీచర్ నంబరు కూడా అందులోనే ఉంటాయి. ఇంటర్నెట్ వాడుకోవడానికి యాప్ మిమ్మల్ని విడిగా అడగదు కాబట్టి, చదివిన జాబితాను బయటికి పంపగలదు. తర్వాత అనుమతి తీసేసినా వెళ్లింది వెనక్కి రాదు. మన 2023 డేటా రక్షణ చట్టం సరిగ్గా ఇలాంటి ఉదాహరణే ఇస్తుంది: ఫోన్‌లో వైద్యం అందించే యాప్ కాంటాక్ట్స్ అడిగితే, మీరు సరే అన్నా, సేవకు అవసరం లేని ఆ సమ్మతి చెల్లదు.

'వద్దు' అంటే యాప్ తెరుచుకోకపోతే తీసేయండి. చాలా ఫోన్లలో కంపాస్ ముందే ఉంటుంది.