నీళ్లలో లైటుకు బ్యాటరీ: మేనల్లుడికి ఉత్తరం

గోదావరిఖని

చిరంజీవి అల్లుడికి,

మామ ఆశీస్సులు. నీళ్లలో పడ్డవాళ్లను వెతికే టీమ్‌లో చేరావని, డైవింగ్ లైటుకు ఏ బ్యాటరీ ప్యాక్ కొనాలో నన్ను అడగమన్నావని మీ అమ్మ ఫోన్‌లో చెప్పింది. నీళ్ల పని నాకు తెలియదు. కానీ బొగ్గుబాయి ల్యాంప్ రూంలో పని చేసినవాణ్ని. టోకెన్ తీసుకుని, షిఫ్టుకు దిగే ప్రతి మనిషికీ టోపీకి పెట్టుకునే లైటు, క్యాప్ ల్యాంప్, చేతికిచ్చేవాళ్లం. ఎనిమిది గంటల షిఫ్టులో మధ్యలో లైటు పోతే ఆ మనిషి చీకట్లో చిక్కుకున్నట్టే. నీకూ అంతే కాబట్టి ఇదంతా వివరంగా రాస్తున్నా.

షాపువాడు ముందు ల్యూమెన్స్, అంటే వెలుగెంత అన్న లెక్క గురించి చెప్తాడు. నువ్వు ముందు టైం లెక్క వేసుకో. నీళ్లలో ఒకసారి దిగితే 40 నిమిషాలు అనుకో, రోజులో రెండుసార్లు దిగితే 80 నిమిషాలు. అటూ ఇటూ అయ్యే ఆలస్యం కలిపి రెండు గంటలు పెట్టుకో. లైటు 10 వాట్లదైతే, వాట్లను గంటలతో గుణిస్తే 20 వాట్ అవర్స్ ఖర్చవుతాయి. అలాగని 20 వాట్ అవర్ల ప్యాకే కొనకు. లిథియం సెల్ కొన్ని వందల సార్లు ఛార్జ్ అయ్యేసరికి కెపాసిటీలో ఐదో వంతు దాకా పోతుంది. కనీసం 30 ఉండాలి. పాతబడ్డాక కూడా నీ రెండు గంటలు నిలబడాలంటే ఇదే లెక్క.

వాట్ అవర్స్ ప్యాక్ మీద రాసి లేకపోతే వోల్టులను ఆంపియర్ అవర్లతో గుణించు. 21700 సెల్ అంటే 21 మిల్లీమీటర్ల మందం, 70 పొడవు. మంచిదైతే 5000 ఎంఏహెచ్, అంటే 5 ఆంపియర్ అవర్లు ఉంటుంది. 3.6 వోల్టులతో గుణిస్తే 18 వాట్ అవర్స్. రెండు సెల్స్ ఉంటే 36, నీకు సరిపోతుంది. దానికన్నా చిన్నదైన 18650 సెల్‌లో మంచి కంపెనీవి కూడా చాలావరకు 3500 దగ్గరే ఆగుతాయి. దాని మీద 9900 అని అచ్చువేసి అమ్మేవాళ్లున్నారు, అది పచ్చి అబద్ధం. చేతిలో పట్టుకుంటేనే తేడా తెలుస్తుంది: అసలు సెల్ 45 గ్రాములకు పైనే తూగుతుంది, నకిలీది తేలిగ్గా ఉంటుంది. కోఠి గుజరాతీ గల్లీకి వెళ్లినా, ఆన్‌లైన్‌లో తెప్పించినా ముందు తూకం వేసి చూడు. పాత లాప్‌టాప్ బ్యాటరీల నుంచి తీసిన సెల్స్‌తో కట్టిన ప్యాక్ చౌకగా దొరుకుతుంది. దాన్ని ముట్టుకోకు. సిరీస్‌లో, అంటే ఒకదాని వెనక ఒకటి కలిపి ఉన్న సెల్స్‌లో ఒక్కటి బలహీనంగా ఉంటే చాలు, మొత్తం ప్యాక్ దానితోనే పడిపోతుంది.

మా దగ్గర మొదట్లో లెడ్ యాసిడ్ బ్యాటరీలే ఉండేవి. నడుముకు కట్టుకుంటే బరువు, కారితే ప్యాంటు కాలేది. తర్వాత లిథియం ల్యాంపులొచ్చాక కార్మికుల నడుములకు సుఖమైంది. కానీ ఒక తేడా గమనించు. లెడ్ యాసిడ్ దీపం మెల్లమెల్లగా మసకబారి ముందే చెప్పేది. చాలా లిథియం ప్యాకుల్లో రక్షణ సర్క్యూట్ ఉంటుంది. వోల్టేజ్ మరీ తగ్గగానే అది టక్కున కట్ చేస్తుంది, అంతే చీకటి. కాబట్టి ఛార్జ్ చూపించే ఇండికేటర్ ఉన్న లైటే తీసుకో. ఇంకో చిన్న లైటు విడిగా సొంత బ్యాటరీతో నీ ఒంటి మీదే ఉండాలి. రక్షణ సర్క్యూట్ లేని ప్యాక్ మాత్రం వద్దే వద్దు.

అన్నిటికన్నా నాకు భయం ఛార్జింగ్ దగ్గరే. డైవింగ్ లైటు గొట్టం గాలి కూడా దూరకుండా బిగించి ఉంటుంది. లోపల బ్యాటరీ గ్యాస్ వదిలితే బయటికి దారి లేదు. లిథియం సెల్ చెడిపోతే వచ్చే గ్యాసుకు మంట కూడా అంటుకుంటుంది. నికెల్ ప్యాక్‌ను అతిగా ఛార్జ్ చేస్తే హైడ్రోజన్ రావచ్చు. మూసిన గొట్టం అప్పుడు బాంబే. ప్యాక్ బయటికి తీసే వీలున్న లైటే కొను. తీసి, నీ కళ్ల ముందే ఛార్జ్ చెయ్యి. పడుకున్నప్పుడు పెట్టొద్దు. సిరీస్‌లో రెండు సెల్స్ ఉన్న ప్యాక్‌కు ఛార్జర్ మీద 8.4 వోల్ట్స్ అని ఉండాలి, మూడు ఉంటే 12.6. పిన్ను సరిపోయింది కదా అని లెడ్ యాసిడ్ ఛార్జర్ గుచ్చితే కొంపలు అంటుకుంటాయి.

మన రామగుండం, వరంగల్ ఎండల సంగతి నీకు తెలిసిందే. మే నెలలో కారు డిక్కీలో ప్యాక్ వదిలేస్తే దాని ఆయుష్షు అక్కడే కరిగిపోతుంది. పని లేని రోజుల్లో సగం ఛార్జ్‌తో ఇంట్లో చల్లటి చోట పెట్టు. కానీ మీది ఎప్పుడు పిలుపొస్తుందో తెలియని పని. కాబట్టి రెండు ప్యాకులు కొను. ఒకటి ఫుల్ ఛార్జ్‌తో సిద్ధంగా, ఒకటి సగంతో. నెలకోసారి మార్చు.

గొట్టం మూసేటప్పుడు నీళ్లు దూరకుండా ఆపే రబ్బరు రింగు (ఓ-రింగ్) మీద ఇసుక రేణువు, వెంట్రుక లేకుండా చూసుకో. పది మీటర్ల లోతుకే ఒత్తిడి పైనున్న దానికి రెట్టింపు అవుతుంది. ఎప్పుడైనా నీళ్లు దూరితే, ఆరబెట్టాను కదా అని ఆ లిథియం ప్యాక్‌ను మళ్లీ ఛార్జ్ చేయకు. ఇంటికి దూరంగా పెట్టి వదిలించుకో.

బురద నీళ్లలో మరీ వెలుగెక్కువైతే ఎదుట పొగమంచులా తెల్లగా కమ్ముతుందని విన్నా. అందుకే సన్నటి బీమ్, తక్కువ వాట్లు చూడు. బ్యాటరీ కూడా ఎక్కువసేపు వస్తుంది.

కొన్న రోజే ఫుల్ ఛార్జ్ చేసి, గదిలో చీకటి చేసి, బకెట్ నీళ్లలో లైటు ముంచి ఎంతసేపు వెలిగిందో చూడు. గాలిలో పెడితే వేడెక్కుతుంది, నీళ్లలోనే చెయ్యి. తేదీ, నిమిషాలు టేపు మీద రాసి ప్యాక్‌కు అంటించు. ఆరు నెలలకోసారి మళ్లీ చెయ్యి. మొదటి రీడింగ్ నాకు ఫోన్ చేసి చెప్పు, ప్యాక్ మీద రాసినదానితో కలిసి లెక్క చూద్దాం. నకిలీదైతే వెంటనే వెనక్కి ఇచ్చెయ్యి.

మీ మామ