స్కిజోఫ్రీనియాని రక్త పరీక్షతో తేల్చవచ్చా?

మీ తమ్ముడికి డాక్టరు స్కిజోఫ్రీనియా (లేని మాటలు వినిపించడం, లేనిపోని అనుమానాలు రావడం లాంటివి ఉండే మానసిక జబ్బు) అన్నారు, ఇంట్లో ఎవరూ నమ్మడం లేదు, రక్తంలో ప్రోటీన్లు చూసి ఈ జబ్బు ఉందో లేదో చెప్పే పరీక్ష ఉందని ఎవరో చెప్పారు, అప్పు చేసైనా చేయించాలా అని అడిగారు కదండీ. వద్దు, చేయించకండి. ఈ జబ్బు ఉందని గానీ లేదని గానీ నమ్మకంగా తేల్చే రక్త పరీక్ష ఇప్పటికి లేదు. డాక్టరు మనిషితో మాట్లాడి, ఇంట్లోవాళ్లని అడిగి, కొన్నాళ్లు గమనించి చెప్పేదే నిర్ధారణ.

నేను బయోకెమిస్ట్రీ ల్యాబ్‌లో టెక్నీషియన్‌ని. మా అన్నయ్యకి డిగ్రీ చదువుతుండగా ఇదే జబ్బు మొదలైంది. మా నాన్నగారు కూడా ఒక కాగితం మీద రిజల్టు చూస్తే గానీ ఒప్పుకోనన్నారు, అందుకే మీ ఇంట్లో పరిస్థితి నాకు బాగా అర్థమవుతోంది.

రక్తంలో దీని జాడ వెతకడం కొత్తేమీ కాదు. 1957లో ఓకర్‌ఫెల్ట్ అనే స్వీడన్ శాస్త్రవేత్త, రోగుల సీరంలో (రక్తం గడ్డకట్టాక పైన మిగిలే ద్రవంలో) ఒక రసాయనం కలిపితే ఎర్రరంగు తొందరగా వస్తోందని చూపించాడు. రాగిని మోసే సెరులోప్లాస్మిన్ అనే ప్రోటీన్ ఎక్కువగా ఉండటమే దానికి కారణమన్నారు. పరీక్ష దొరికేసిందని చాలామంది సంబరపడ్డారు. తీరా చూస్తే రోగుల సీరంలో విటమిన్ సి తక్కువగా ఉంది, ఏళ్ల తరబడి ఆస్పత్రి తిండి మీద బతికినవాళ్లు మరి! అంటే ఆ రంగు చెప్పింది జబ్బు గురించి కాదు, వాళ్ల కంచంలో ఏముందో చెప్పింది. 2010లో అమెరికాలో ఒక కంపెనీ రక్తంలో ఏకంగా 51 పదార్థాలు కొలిచే పరీక్షని అమ్మకానికి పెట్టింది, కొన్నేళ్లకే అదీ ఆగిపోయింది.

ఎందుకిలా అవుతుందో నేను కళ్లారా చూశాను. అన్నయ్య ఈ జబ్బుకిచ్చే ఓలాంజపిన్ అనే మందు మీద ఉన్నప్పుడు శాంపిల్ మా ల్యాబ్‌కే వచ్చింది. రక్తాన్ని గిరగిరా తిప్పి వేరుచేసే సెంట్రిఫ్యూజ్ ఆగాక ట్యూబ్ తీసి చూస్తే, లేత పసుపు రంగులో తేటగా ఉండాల్సిన సీరం పాలు కలిపిన నీళ్లలా తెల్లగా ఉంది. ట్రైగ్లిజరైడ్లు అనే కొవ్వులు అంత పెరిగిపోయాయి. అది జబ్బు వల్ల కాదు, మందు వల్లా, దానితో పెరిగిన బరువు వల్లా. ఇలాంటి రక్తాన్ని ఆరోగ్యంగా ఉన్న మనిషి రక్తంతో పోలిస్తే తేడాలు బోలెడు కనిపిస్తాయి, కానీ వాటిలో జబ్బుది ఎంత, మందుది ఎంత, సిగరెట్లది ఎంత, నిద్రలేని రాత్రులది ఎంత అన్నది విడదీయడమే కష్టం. ఒంట్లో వాపు (ఇన్‌ఫ్లమేషన్) ఉన్నప్పుడు పెరిగే సీఆర్‌పీ, ఇంటర్‌ల్యూకిన్-6 లాంటి ప్రోటీన్లు ఈ రోగుల్లో సగటున ఎక్కువగా ఉంటాయని చాలా అధ్యయనాల్లో తేలింది, నిజమే. కానీ జలుబు చేసినా, పిప్పిపన్ను ఉన్నా సీఆర్‌పీ పెరుగుతుంది. పైగా జన్యువుల వల్లే సీఆర్‌పీ ఎక్కువగా ఉండేవాళ్లని లెక్కేసి చూస్తే స్కిజోఫ్రీనియా ప్రమాదం పెరగలేదు సరికదా, కాస్త తక్కువగానే కనిపించింది. వందలమంది సగటులో తేడా కనిపించడం వేరు, మీ తమ్ముడి ఒక్క ట్యూబ్ చూసి జబ్బు చెప్పడం వేరు.

అలాగని రక్తంలోని ప్రోటీన్లకీ ఈ జబ్బుకీ సంబంధమే లేదనుకోకండి. నాకు అన్నిటికంటే ఆశ కలిగించింది సి4 కథ. ఇది మన రోగనిరోధక వ్యవస్థలో భాగమైన కాంప్లిమెంట్ ప్రోటీన్. రక్తంలో ఉండేది ఎక్కువగా కాలేయంలో తయారవుతుంది, లూపస్ (రోగనిరోధక వ్యవస్థ సొంత ఒంటి మీదే దాడి చేసే జబ్బు) రోగులకి మేం ల్యాబ్‌లో కొలిచేది దీన్నే. 2016లో మెక్‌కారల్, స్టీవెన్స్ అనే అమెరికా శాస్త్రవేత్తల బృందాలు దాదాపు 65,000 మంది జన్యు సమాచారం పరిశీలించి, మెదడులో సి4ఎ ఎక్కువగా తయారయ్యే రకం జన్యువు ఉన్నవాళ్లకి స్కిజోఫ్రీనియా ప్రమాదం కొంత పెరుగుతుందని చూపించాయి. ఎదిగే వయసులో మెదడు తనకి అక్కర్లేని నాడీకణాల కనెక్షన్లని తీసేస్తూ ఉంటుంది, ఏవి తీసేయాలో గుర్తు పెట్టే పనిలో ఈ ప్రోటీన్ ఉంది. ఆ పని మోతాదు మించితే కావలసిన కనెక్షన్లు కూడా పోతాయన్నది వాళ్ల ఆలోచన. జబ్బు ఎక్కువగా టీనేజ్ చివర్లోనో, ఇరవైల్లోనో ఎందుకు బయటపడుతుందో దీనితో కొంత అర్థమవుతుంది. ఇంకో విశేషం, సి4 జన్యువు కాపీలు ఎక్కువ ఉంటే లూపస్ వచ్చే అవకాశం తగ్గుతుందని 2020లో మరింత స్పష్టంగా తేలింది. అంటే ఒక జబ్బు నుంచి కాపాడేదే ఇంకో జబ్బు వైపు కాస్త నెడుతోంది. మా అమ్మ ఇన్నాళ్లూ తన పెంపకంలోనే ఏదో లోపముందని కుమిలిపోయేది, ఇదంతా తెలుగులో కూర్చోబెట్టి చెప్పాక ఆ మాట అనడం మానేసింది. మీ ఇంట్లో కూడా చెప్పండి. కానీ రక్తంలో సి4 కొలిచి మెదడులో ఏం జరుగుతోందో చెప్పలేం, లక్షలమందికి ఆ జన్యువు ఉన్నా జబ్బు రాదు.

డబ్బు ఖర్చు పెట్టాల్సిన పరీక్షలు వేరే ఉన్నాయి. మొదటిసారి ఇలా అయినప్పుడు డాక్టరు థైరాయిడ్, బి12, షుగర్, లివర్ లాంటివి రాస్తారు, విసుక్కోకుండా చేయించండి. చేతులు వణకడం, మాట ముద్దగా రావడం, ఎప్పుడో కామెర్లు వచ్చి ఉండటం లాంటివి ఉంటే తప్పకుండా డాక్టరుకి చెప్పండి, అప్పుడు సెరులోప్లాస్మిన్ చూస్తారు. అది తక్కువగా ఉంటే ఒంట్లో రాగి పేరుకుపోయే విల్సన్ వ్యాధి కావచ్చు, దానికి వైద్యం పూర్తిగా వేరు. ఇక కొద్దిరోజుల్లోనే మనిషి పూర్తిగా మారిపోయి, ఫిట్స్, జ్వరం, నోటి దగ్గర వింత కదలికలు ఉంటే ఆలస్యం చేయకుండా న్యూరాలజిస్టు దగ్గరికి తీసుకెళ్లండి. మెదడు కణాల మీద సంకేతాలు అందుకునే ఎన్‌ఎండీఏ రిసెప్టర్ల మీద యాంటీబాడీలు దాడి చేసే మెదడువాపు ఒకటుంది, 2007లో డల్మావ్ అనే న్యూరాలజిస్టు బృందం గుర్తించింది. చూడటానికి అచ్చం పిచ్చిలాగే ఉంటుంది, స్టెరాయిడ్లు, ఇమ్యునోగ్లోబులిన్‌తో చాలామంది కోలుకుంటారు. దానికి రక్తం ఒక్కటే చాలదు, వెన్నులో నీరు కూడా తీసి చూస్తారు.

మందులు మొదలయ్యాక బరువు, షుగర్, లిపిడ్లు (రక్తంలో కొవ్వులు) క్రమం తప్పకుండా చూపించండి. రిస్పెరిడోన్ అనే మందు అయితే ప్రొలాక్టిన్ అనే హార్మోన్ పెరగొచ్చు, అది కూడా ప్రోటీనే. మగపిల్లల్లో ఛాతీ ఉబ్బడం, కోరికలు తగ్గడం కనిపిస్తే సిగ్గుపడి దాచకుండా చెప్పమనండి. చెప్పుకోలేకే చాలామంది మందు మానేస్తారు, అక్కడే జబ్బు తిరగబెడుతుంది. అన్నయ్య ఇప్పుడు క్లోజపిన్ అనే మందు మీద ఉన్నాడు, దానికి తెల్లకణాల పరీక్ష తప్పనిసరి, మొదట్లో వారం వారం. ఒకసారి వాడికి ఊపిరితిత్తుల్లో ఇన్ఫెక్షన్ వచ్చి సీఆర్‌పీ బాగా పెరిగినప్పుడు లేపినా లేవనంత మత్తు వచ్చేసింది, ఎప్పుడూ వేసుకునే డోసే. ఒంట్లో వాపు ఎక్కువైతే కాలేయం క్లోజపిన్‌ని విరగ్గొట్టే వేగం తగ్గుతుంది, దాంతో రక్తంలో మందు పెరిగిపోతుంది. వెంటనే ఫోన్ చేస్తే డాక్టరు కొన్నాళ్లు డోసు తగ్గించారు. జ్వరం వస్తే ముందు సైకియాట్రిస్టుకి ఫోన్ చేయడం అప్పటినుంచి మా ఇంట్లో రూలు.

దగ్గరలో డాక్టరు దొరక్కపోతే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలిమానస్ 14416కి ఫోన్ చేయండి, ఉచితం, తెలుగులో మాట్లాడతారు. తమ్ముడికి ఏ మందు రాశారో ఇక్కడ పెడితే, ఏ పరీక్షకి పరగడుపున వెళ్లాలో, ఏది మామూలుగా తిని వెళ్లినా ఫర్వాలేదో చెబుతాను.