చెరువు తాకట్టు పెట్టి ఎంఎస్‌కు పంపాలా?

ప్రశ్న: మాది ఆకివీడు దగ్గర పల్లెటూరు. నాలుగెకరాల సొంత చెరువులో వనామీ రొయ్య వేస్తాను. మా అమ్మాయి ముత్తుకూరు ఫిషరీస్ కాలేజీలో బీఎఫ్ఎస్సీ చివరి ఏడాది చదువుతోంది. అమెరికాలో ఫిషరీస్, ఓషనోగ్రఫీ వైపు ఎంఎస్ చేస్తానంటోంది. రెండేళ్లకు 45 లక్షలు అవుతుందని కన్సల్టెన్సీ వాళ్లు చెప్పారు. 6 లక్షల డిపాజిట్ ఉంది. చెరువు తాకట్టు పెట్టి 40 లక్షలు లోన్ తీసుకోమంటారా?

జవాబు: వద్దండి. అమ్మాయిని తప్పకుండా చదివించండి, చెరువు కాగితాలు మాత్రం బీరువాలోనే ఉండనివ్వండి.

కంప్యూటర్ ఎంఎస్‌కు వేసే లెక్కే మీకూ వేసి ఇచ్చారు. ఈ చదువు దారి వేరు. ఫిషరీస్‌లో, సముద్రశాస్త్రంలో థీసిస్ రాసే విద్యార్థి ఒక ప్రొఫెసర్ దగ్గర ల్యాబ్‌లోనో పడవ మీదో వారానికి 20 గంటలదాకా పనిచేస్తారు. అందుకు ప్రొఫెసర్ తన ప్రాజెక్టు డబ్బులోంచి నెలనెలా స్టైపెండ్ ఇస్తారు. చాలాచోట్ల ట్యూషన్ ఫీజు కూడా మాఫీ అవుతుంది. దీన్నే రీసెర్చ్ అసిస్టెంట్‌షిప్ అంటారు. థీసిస్ లేని కోర్సులకు ఇది దొరకడం కష్టం. మీ చేతికిచ్చిన కాగితంలో ఏ కోర్సు ఉందో ముందు చూడండి.

అసిస్టెంట్‌షిప్ కావాలంటే అప్లికేషన్ కంటే ముందు ప్రొఫెసర్‌కు మెయిల్ వెళ్లాలి. గడువులు ఎక్కువగా డిసెంబరు, జనవరిలో ఉంటాయి కాబట్టి ఆగస్టు నుంచే రాయడం మొదలుపెట్టాలి. ఏం రాయాలని అమ్మాయి టెన్షన్ పడొద్దు. కరెంటు పోయి నీటికి గాలి కలిపే ఏరేటర్లు ఆగిన రాత్రి తెల్లారేసరికి ఆక్సిజన్ ఎంతకు పడిందో, మేత తింటున్నాయో లేదో చూసే చెక్ ట్రేలో మేత మిగిలిందంటే అర్థమేమిటో, వైట్ స్పాట్ రోగం పక్క చెరువులోంచి మీ చెరువులోకి ఎన్నిరోజుల్లో వచ్చిందో తను కళ్లారా చూసింది. మీరు రాసుకునే చెరువు పుస్తకంలోని అంకెలతో రెండు పేరాలు రాస్తే చాలు, చదివే ప్రొఫెసర్‌కు పనితెలిసిన మనిషని అర్థమవుతుంది. చివర్లో ఫండింగ్ ఉందా అని మొహమాటం లేకుండా అడగమనండి. ఈమధ్య అమెరికాలో పరిశోధన నిధులకు కోతలు పడుతున్నాయి కాబట్టి ఒక్క దేశాన్నే నమ్ముకోవద్దు. యూరప్‌లో ఎరాస్మస్ ముండస్ స్కాలర్‌షిప్ వస్తే నెలకు 1,400 యూరోలు ఇస్తారు. నార్వేలో మాస్టర్స్‌కు 2023 నుంచి మనవాళ్లు ఫీజు కట్టాల్సి వస్తోంది, పీహెచ్‌డీ మాత్రం అక్కడ జీతమిచ్చే ఉద్యోగం.

ఇక మీ లోన్ లెక్క. వడ్డీ 10.5 శాతం అనుకుందాం. 40 లక్షలు సగం మొదటి ఏడాది, సగం రెండో ఏడాది తీసుకుంటే, చదువు రెండేళ్లు, ఆపైన ఈఎంఐ మొదలుకాని మారటోరియం ఏడాది కలిపి వడ్డీయే సుమారు పదిన్నర లక్షలు. 50 లక్షలు దాటిన ఆ అప్పును పదేళ్లలో తీర్చాలంటే ఈఎంఐ నెలకు 68 వేలు. అమ్మాయికి ఉద్యోగం ఆరు నెలలు ఆలస్యమైతే అది మీ చెరువు మీద పడుతుంది. కౌంట్ రేటు (కిలోకు ఎన్ని రొయ్యలు తూగుతాయన్న లెక్కన ఇచ్చే ధర) ఒక్కవారంలో ఎంత పడుతుందో 2025లో అమెరికా సుంకాలప్పుడు మీరు చూశారు. పంటా, ఈఎంఐ రెండూ ఒకే చెరువు మీద ఆధారపడకూడదు.

ఇక్కడే చదివితే? ఐసీఏఆర్ (భారత వ్యవసాయ పరిశోధన మండలి) పీజీ ఎంట్రన్స్‌లో మంచి ర్యాంకు వస్తే ముంబయిలోని కేంద్ర మత్స్య విద్యాసంస్థ సీఐఎఫ్ఈలో ఫిషరీస్ పీజీ అయిన ఎంఎఫ్ఎస్సీ చేయొచ్చు, నెలకు 12,640 రూపాయల స్కాలర్‌షిప్ వచ్చే అవకాశం ఉంది. ఆ తర్వాత జాతీయ పరీక్ష రాసి జేఆర్‌ఎఫ్ అనే పరిశోధన ఫెలోషిప్ తెచ్చుకుంటే పీహెచ్‌డీలో మొదటి రెండేళ్లు నెలకు 37,000, ఆపైన 42,000. విదేశీ పీహెచ్‌డీకి ఎంఎఫ్ఎస్సీ థీసిస్ మంచి బలం కూడా. నా కూతురైతే రెండు దారులకూ ఒకే ఏడాది అప్లై చేయించేవాణ్ణి.

ఆ 6 లక్షలు ఇలా వాడండి. పరీక్షలు, అప్లికేషన్లు, వీసా, టికెట్, అక్కడ మొదటి రెండు నెలల అద్దె, వీటికి 4 లక్షలు పక్కన పెట్టండి. మిగతా రెండు లక్షలు ముట్టుకోవద్దు, పంట పోయిన ఏడాదికి అవి ఉండాలి. అసిస్టెంట్‌షిప్ వచ్చీ కొంత తక్కువైతే, తాకట్టు అడగని చిన్న విద్యాలోన్ గురించి బ్యాంకులో అడగండి. వీసా కోసం అమెరికా యూనివర్సిటీ ఇచ్చే ఐ-20 ఫారంలో వాళ్లెంత ఇస్తున్నారో, మీరెంత చూపాలో విడివిడిగా ఉంటుంది. సంతకాలు పెట్టకముందే ఆ పేజీ ఫొటో నాకు పంపండి, కూర్చుని లెక్క చూద్దాం.