టెక్ సందేహాలు: నీళ్లలో పడినా ఏం కాదన్నారు, ఇప్పుడు వారంటీ లేదంటున్నారు

ప్రశ్న: ప్రకటనలో ఒకమ్మాయి స్విమ్మింగ్ పూల్‌లో మునిగి ఫోన్‌తో వీడియో తీస్తూ ఉంటుంది. అది చూసే ఐపీ68 ఫోన్ కొన్నాను. ఏడాది కూడా కాలేదు. పిల్లలతో పూల్‌లో దిగి నాలుగు ఫొటోలు తీశాను. ఆ రాత్రి నుంచి ఛార్జింగ్ ఎక్కడం లేదు. సర్వీస్ సెంటర్‌లో ‘లోపలికి నీళ్లు వెళ్లాయి, వారంటీ వర్తించదు’ అని తేల్చేశారు. నీళ్లు వెళ్లవని చెప్పింది వాళ్లే కదా! ఏమైనా చేయొచ్చా?

జవాబు: చేయొచ్చు. మీ కోపంలో న్యాయం ఉంది. ముందు ఆ ప్రకటన వీడియోనూ, కంపెనీ వెబ్‌సైట్‌లో ఆ ఫోన్ పేజీనీ తేదీ కనిపించేలా స్క్రీన్‌షాట్లు తీసి పెట్టుకోండి. అడుగున చిన్న అక్షరాల్లో ఉండే షరతులను కూడా వదలొద్దు. ఇలాంటి పేజీలు ఎప్పుడు మారిపోతాయో చెప్పలేం.

ఇక అసలు విషయం. ఐపీ68 అనేది ఐఈసీ 60529 అనే అంతర్జాతీయ ప్రమాణం నుంచి వచ్చింది. ఇందులో 6 దుమ్ముకు సంబంధించింది, 8 నీటికి. నీటి విషయంలో 7వ స్థాయి అంటే 1 మీటరు లోతులో 30 నిమిషాలు ఉంచి చూస్తారు. 8వ స్థాయి అంతకంటే కఠినంగా ఉండాలి. ఎంత లోతు, ఎంతసేపు అన్నది మాత్రం తయారీదారే చెబుతాడు. అందుకే ఒక కంపెనీ ఐపీ68కి 1.5 మీటర్లు, ఇంకో కంపెనీ ఐపీ68కి 6 మీటర్లు అని రాసి ఉంటుంది. పరీక్ష చేసేది కొత్త ఫోన్ మీద, ల్యాబ్‌లో, కదలని మంచినీళ్లలో. పూల్‌లోని క్లోరిన్, సముద్రపు ఉప్పు, స్నానాల గదిలోని సబ్బు నురగ ఆ పరీక్షలో ఉండవు. వేగంగా చిమ్మే నీటికి 5, 6 స్థాయిలు వేరే ఉన్నాయి. 8 వచ్చినంత మాత్రాన అవి కూడా వచ్చినట్టు కాదు. పైగా నీటిని ఆపేది తెర చుట్టూ, సిమ్ ట్రే చుట్టూ ఉండే సన్నటి సీళ్లు, జిగురు. అవి కాలంతో సడలుతాయి. ఫోన్ ఒక్కసారి గట్టిగా కింద పడినా పట్టు తప్పొచ్చు.

కాబట్టి ‘ఐపీ68 అబద్ధం’ అని వాదిస్తే మీరు నెగ్గలేరు. ల్యాబ్ రిపోర్టు తీసి చూపిస్తారు. తప్పుదారి పట్టించింది ఆ అంకె కాదు, బొమ్మ. పూల్‌లో వాడొచ్చని చూపించి అమ్మారు, మీరు పూల్‌లోనే వాడారు, అక్కడే పాడైంది. మీ వాదన ఇంతే, దీన్ని దాటి పోవద్దు.

ఇది గాలిలో మాట కాదు. ఆస్ట్రేలియాలో శాంసంగ్ కొన్ని గెలాక్సీ ఫోన్లను పూల్‌లోనూ సముద్రంలోనూ వాడొచ్చన్నట్టు ప్రకటనలు ఇచ్చింది. తడి ఆరకుండా ఛార్జింగ్ పెడితే పోర్టు తుప్పు పట్టే ప్రమాదం ఉన్నా అలా చూపించడంతో అక్కడి వినియోగదారుల సంస్థ కోర్టుకెక్కింది. కంపెనీ తప్పు ఒప్పుకుంది. 2022లో కోర్టు 1.4 కోట్ల ఆస్ట్రేలియా డాలర్ల జరిమానా వేసింది. 2020లో ఇటలీ పోటీ నియంత్రణ సంస్థ ఆపిల్‌కు కోటి యూరోల జరిమానా విధించింది. ఐఫోన్లు నీటిని తట్టుకుంటాయని గట్టిగా చెప్పి, అది ల్యాబ్ పరిస్థితుల్లోనే అన్న సంగతి స్పష్టంగా చెప్పలేదన్నది ఒక కారణం. అలా ప్రచారం చేసుకుంటూనే తడిసిన ఫోన్లకు వారంటీ నిరాకరించడం మరో కారణం. మీకు ఎదురైంది కూడా అదే. ఆ తీర్పులు మీ దేశంలో కట్టుబడేవి కాకపోవచ్చు, కానీ ఫిర్యాదులో ప్రస్తావించండి.

సర్వీస్ సెంటర్ నోటిమాటతో సరిపెట్టుకోకండి. వారంటీ ఎందుకు నిరాకరిస్తున్నారో కాగితం మీద రాసివ్వమనండి. చాలా ఫోన్లలో సిమ్ ట్రే లోపల నీరు తగిలితే ఎర్రబడే చిన్న స్టిక్కర్ ఉంటుంది. దాని ఫొటో అడగండి. నీళ్లు వెళ్లాయని అది చెబుతుందే గానీ, ఎంత లోతులో, ఎంతసేపట్లో వెళ్లాయో చెప్పదు. మీరు షరతులు దాటారని దాన్ని బట్టి తేల్చేయడానికి లేదు. ఆ తర్వాత కంపెనీకీ, మీకు అమ్మిన షాపుకీ ఇద్దరికీ ఇలా రాయండి:

‘ఫలానా తేదీన ఈ ఫోన్ కొన్నాను. మీ ప్రకటనలో దీన్ని పూల్ నీళ్లలో ముంచి వాడుతున్నట్టు చూపించారు. స్క్రీన్‌షాట్ జత చేశాను. అది నమ్మి నడుం లోతు నీళ్లలో కొద్ది నిమిషాలు అలాగే వాడాను. ఆ రాత్రే ఛార్జింగ్ ఆగిపోయింది. మీరు చూపించిన వాడకాన్నే ఫోన్ తట్టుకోలేదు కాబట్టి ఉచితంగా బాగుచేయండి, లేదంటే మార్చి ఇవ్వండి, అదీ కుదరకపోతే డబ్బు వాపసు చేయండి. 14 రోజుల్లోగా లిఖితపూర్వకంగా జవాబు కోరుతున్నాను.’

లోతు, సమయం ఉన్నదున్నట్టు రాయండి. తడి ఆరకముందే ఛార్జర్ పెట్టి ఉంటే అదీ దాచొద్దు. ఆరబెట్టాకే ఛార్జ్ చేయాలని ప్రకటనలో కనిపించేలా చెప్పారా అన్నది అప్పుడు వాళ్లు జవాబు చెప్పుకోవాల్సిన ప్రశ్న అవుతుంది. కంపెనీ వారంటీ వేరు, సరుకు చెప్పినట్టు లేకపోతే అమ్మినవారి మీద చట్టం పెట్టే బాధ్యత వేరు. చాలా దేశాల్లో ఈ రెండోది వారంటీ కార్డులో ఏం రాసినా పోదు. జవాబు రాకపోతే ఇవే కాగితాలతో వినియోగదారుల ఫోరానికి వెళ్లండి. అప్పటిదాకా ఫోన్‌ను బయట ఎక్కడా విప్పించకండి.

ప్రశ్న: ‘9హెచ్ టెంపర్డ్ గ్లాస్, వజ్రం తర్వాత ఇదే’ అని అమ్మాడు. కత్తితో గీసి కూడా చూపించాడు, గీత పడలేదు. తీరా జేబులో పెట్టుకు తిరిగితే వారానికే సన్నటి గీతలు. మోసమేనా?

జవాబు: ‘వజ్రం తర్వాత ఇదే’ అన్నది పచ్చి అబద్ధం. 9హెచ్ అంటే పెన్సిల్ గట్టిదనం. రంగు పూతలు ఎంత గట్టివో చూడటానికి పెన్సిల్‌ను 45 డిగ్రీల వాలులో, నిర్ణీత బరువుతో వాటి మీద తోసే పరీక్ష ఒకటుంది. ఆ వరుసలో అన్నిటికంటే గట్టి పెన్సిల్ 9హెచ్. దానికి గీత పడలేదని మాత్రమే ఆ అంకె చెబుతుంది. ఖనిజాల గట్టిదనాన్ని కొలిచే మోస్ స్కేలు వేరు. అందులో వజ్రం 10, నీలం, కెంపు 9. మామూలు గాజు 6కి అటూఇటూ ఉంటుంది. కత్తి ఉక్కు కూడా దాదాపు అక్కడే ఉంటుంది కాబట్టి కత్తి గీతకు గాజు చెక్కు చెదరకపోవడంలో వింత లేదు. ఇసుకలో ఉండే క్వార్ట్జ్ 7. మీ జేబులో నాలుగు ఇసుక రేణువులుంటే చాలు, ఆ గీతలు పడటానికి.

ప్యాకెట్ మీదో, ఆన్‌లైన్ వివరాల్లోనో ‘గీతలు పడవు’ అనో, వజ్రంతో పోలికో ఉంటే దాని ఫొటో, గీతల ఫొటో పెట్టి ‘చెప్పినట్టు లేదు’ అన్న కారణంతో రిటర్న్ అడగండి. గడువు దాటనివ్వకండి. ఉత్త 9హెచ్ అని మాత్రమే ఉంటే మీ పక్షం బలహీనం, అనవసరంగా తిరగొద్దు.

ప్రశ్న: నాన్నగారి చేతిలోంచి ఫోన్ తరచూ జారిపోతోంది. ‘మిలిటరీ గ్రేడ్’ ఫోన్ తీసుకుంటే పగలదా?

జవాబు: ఆ మాట చూసి కొనకండి. అది మిల్ ఎస్‌టీడీ 810 అనే అమెరికా రక్షణ శాఖ పరీక్షా విధానాల పుస్తకం. ఆ శాఖ ఏ ఫోన్‌కూ సర్టిఫికెట్ ఇవ్వదు. అందులోని చాలా పరీక్షల్లో దేన్ని చేయాలో కంపెనీయే ఎంచుకోవచ్చు. 122 సెంటీమీటర్ల ఎత్తు నుంచి 26 సార్లు పడేసే పరీక్ష బాగా వాడుకలో ఉంది. ఆ 26నీ ఐదు పీసుల దాకా పంచుకోవడానికి వీలుంది. అంటే ఒక్కో ఫోన్ ఐదారు సార్లు పడితే సరిపోతుంది.

దీనికంటే పనికొచ్చేది ఐరోపా లేబుల్. 2025 జూన్ 20 నుంచి ఐరోపా సమాఖ్య మార్కెట్‌లోకి వచ్చే కొత్త ఫోన్లు, కింద పడితే ఎంత తట్టుకుంటాయో ఎ నుంచి ఇ వరకు ఒక అక్షరంతో లేబుల్ మీద చూపాలి. ఈప్రెల్ అనే వాళ్ల డేటాబేస్‌లో మోడల్ పేరుతో ఎవరైనా వెతకొచ్చు. మీకు నచ్చిన మోడల్ అక్కడ లేకపోతే కంపెనీకి ఈమెయిల్‌లో అడగండి: ఏ పరీక్ష చేశారు, ఎంత ఎత్తు నుంచి, ఏ నేల మీద, ఎన్ని ఫోన్లతో, తెర పగిలితే వారంటీ ఇస్తారా? జవాబు సూటిగా వస్తే ఆ ఈమెయిల్‌ను బిల్లుతో పాటు దాచండి. రాకపోతే వేరే మోడల్ చూసుకుని, నాలుగు మూలలూ మెత్తగా ఉండే మందపాటి కేస్ వేయించండి.