బండి ఎక్కేముందే దిగే రోజు లెక్క

ప్రశ్న: నా వయసు 63, నా భార్యకు 58. ప్రభుత్వ పాఠశాలలో ఉపాధ్యాయుడిగా పనిచేసి కిందటేడాది పదవీ విరమణ చేశాను. పింఛను నెలకు 62 వేలు. గ్రాట్యుటీ, పీఎఫ్ వగైరా కలిపి 38 లక్షలు బ్యాంకులో ఉన్నాయి. అమలాపురంలో 1999లో కట్టుకున్న రెండు వాటాల డాబా ఉంది. అంబాజీపేట దగ్గర ఎకరం కొబ్బరితోట కౌలుకిచ్చాను, ఏడాదికి 48 వేలు వస్తాయి. టెక్సాస్‌లో మా అమ్మాయి దగ్గర ఆరు నెలలు ఉన్నప్పుడు, ఇల్లు అమ్మేసి ఇంటిలాంటి బండిలోనే ఏళ్ల తరబడి తిరిగే దంపతులను చూశాం. మాకూ అలా దేశమంతా తిరగాలని ఉంది. బండి 34 లక్షలవుతుందన్నారు. మా ఇంటికి 85 లక్షలు ఇస్తామని ఒకరు వచ్చారు. వచ్చే వారం బయానా ఇస్తారట. ఇల్లు అమ్మి, బండి కొని, మిగిలింది బ్యాంకులో వేసుకుంటే మా జీవితం సాగుతుందా? మేము తిరగని రోజుల్లో బండిని అద్దెకు ఇవ్వాలని కూడా అనుకుంటున్నాం. నా భార్యకు మోకాళ్ల నొప్పులు తప్ప ఇద్దరికీ ఆరోగ్యం బాగానే ఉంది.
– ఒక పాఠకుడు, అమలాపురం

జవాబు: మాస్టారూ, ముందు ఆ బయానా తీసుకోకండి. మిగతా విషయాలు తీరిగ్గా మాట్లాడుకోవచ్చు. బయానా ఒకసారి చేతులు మారిందంటే మాట్లాడుకోవడానికి ఏమీ మిగలదు.

మీ కోరికను నేను తప్పు పట్టడం లేదు. ముప్పై ఏళ్లకు పైగా బడి గంటకు కట్టుబడిన మనిషి గంట లేని చోటికి వెళ్లాలనుకోవడంలో ఆశ్చర్యమేముంది? నెలవారీ ఖర్చు విషయంలో మీకు భయం అక్కర్లేదు కూడా. నెలకు 1,500 కిలోమీటర్లు తిరుగుతారనుకుందాం. అంత బరువైన బండి లీటరుకు 9 కిలోమీటర్లు ఇస్తుందని, డీజిల్ లీటరు వంద రూపాయలని పెట్టుకుంటే 17 వేల లోపే. తిండికి 12 వేలు, రాత్రి బసలకు 8 వేలు, మందులకు 4 వేలు, టోల్ గేట్లకూ ఫోన్లకూ మరో 5 వేలు, మరమ్మతులకు పక్కన పెట్టేది 6 వేలు. అంతా కలిపి 52 వేలు దాటదు. మీ పింఛను దీన్ని మోస్తుంది. లెక్క తప్పింది ఇక్కడ కాదు, అసలు సొమ్ము దగ్గర.

మీ ఇల్లు 85 లక్షలకు పోతే చేతికి 85 రాదు. ఇల్లు మీ ఒక్కరి పేరున ఉందని, అంత పాత ఇంటికి ఖరీదుగా లెక్కలోకి తీసుకునే 2001 నాటి విలువ 7 లక్షలని అనుకుంటే లాభం 78 లక్షలు. 2024 జులై 23కు ముందు సంపాదించిన ఆస్తికి రెండు దారులున్నాయి: ద్రవ్యోల్బణం సర్దుబాటు లేకుండా 12.5 శాతం, సర్దుబాటుతో 20 శాతం. మీకు మొదటిదే చవక. ఆ ఏడాది మీ ఆదాయం 50 లక్షలు దాటుతుంది కాబట్టి సర్‌చార్జి, సెస్సు కూడా పడతాయి. మొత్తం 11 లక్షల పైమాటే. పైగా కొత్త పన్ను విధానంలో 12 లక్షల లోపు ఆదాయానికి వచ్చే రిబేటు ఆ ఏడాదికి ఎగిరిపోతుంది. అంటే మామూలుగా పైసా పన్ను పడని మీ పింఛను మీద కూడా పన్ను కడతారు. ఇల్లు అమ్మి ఇల్లు కొంటే మినహాయింపు ఉంది. కాని మంచం, వంటగట్టు, మరుగుదొడ్డి ఎన్ని ఉన్నా చట్టం దృష్టిలో మీ బండి బండే, ఇల్లు కాదు. ఆరు నెలల్లోగా ప్రత్యేక బాండ్లలో 50 లక్షల దాకా పెట్టి పన్ను తగ్గించుకోవచ్చు గాని ఆ డబ్బు ఐదేళ్లు కదలదు, అప్పుడు బండి కొనడానికే చాలదు. పన్ను పోయి, బండికి 34 లక్షలు పోయి, ఇంటి డబ్బులో మీ చేతిలో మిగిలేది 40 లక్షల లోపే.

ఇక బండి సంగతి. ఇల్లు మీరు నిద్రపోతున్నప్పుడు కూడా విలువ పెంచుకుంటుంది. బండి మీరు నిద్రపోతున్నప్పుడు కూడా విలువ పోగొట్టుకుంటుంది. వాహన బీమాలో దీనికో పట్టిక ఉంది. ఏడాది దాటిన బండికి కొత్త ధరలో 20 శాతం తగ్గిస్తారు, రెండేళ్లు దాటితే 30, మూడేళ్లు దాటితే 40, నాలుగు దాటితే 50. ఇది బీమా లెక్కే, అమ్మకం ధర కాదు. కాని ఇలాంటి బండికి కొనేవాళ్లు తక్కువ కాబట్టి అమ్మకం ధర ఇంతకన్నా బాగుంటుందని నేను ఆశపడను. ఐదేళ్లలో 17 లక్షలు కరిగాయనుకోండి. అదే 34 లక్షలు ఏడు శాతం వడ్డీకి వేసి ఉంటే వచ్చే దాదాపు 12 లక్షలు కూడా కలపండి. 29 లక్షలు. నెలకు 48 వేలు! ఇంకా తాళం చెవి తిప్పలేదు, చుక్క డీజిల్ పోయలేదు, బీమా కట్టలేదు. ఆ డబ్బుతో ఏడాది పొడవునా ప్రతి రాత్రీ 1,600 రూపాయల గదిలో పడుకోవచ్చు, పొద్దున్నే పక్క దులిపే పని కూడా ఉండదు.

మీరు టెక్సాస్‌లో చూసినవాళ్ల సంగతి వేరు. అక్కడ బండి ఆపుకునే స్థలంలోనే కరెంటుకు ఒక తీగ, నీళ్లకు ఒక గొట్టం, మురుగుకు ఒకటి తగిలించుకుంటారు. సౌత్ డకోటా, టెక్సాస్, ఫ్లోరిడాలలో ఒక దాన్ని చిరునామాగా పెట్టుకుంటారు. ఆ మూడింటిలోనూ రాష్ట్ర ఆదాయపు పన్ను లేదు. సభ్యులకు వచ్చే ఉత్తరాలు అందుకుని, వాళ్లు ఏ ఊళ్లో ఉంటే అక్కడికి పంపే సంఘం టెక్సాస్‌లోని లివింగ్‌స్టన్‌లో ఉంది. అంటే ఇల్లు లేకుండా బతకడానికి ఆ దేశంలో ఒక ఏర్పాటు పుట్టి, పెరిగి, పాతబడింది కూడా. మన దగ్గర కేరళ 2021లో కారవాన్ (ఇలాంటి ఇంటి బండి) పర్యాటకానికి ఒక విధానం తెచ్చింది, ఆ తర్వాతి ఏడాది అక్కడి వాగమన్‌లో మొదటి పార్కు తెరుచుకుంది. అలాంటి పార్కులు నాలుగు రోజుల విహారానికి బాగుంటాయి. ఏళ్ల తరబడి తిరిగేవారికి మురుగు ట్యాంకు ఎక్కడ ఖాళీ చేయాలన్నదే రోజూ తెల్లవారగానే ఎదురయ్యే ప్రశ్న. చిరునామా సంగతి చెప్పనే అక్కర్లేదు. బ్యాంకు, బీమా, ఓటు, ఆధార్, అన్నీ మీ గుమ్మం అడుగుతాయి. పింఛనుదారుగా ఏటా ఇచ్చే జీవన ప్రమాణ పత్రం ఒక్కటే ఇప్పుడు ఫోనులో ముఖం చూపించి ఇచ్చేయవచ్చు. అంతవరకు నయం.

బండి విషయంలో మరికొన్ని చిక్కులున్నాయి. మామూలు ప్రయాణికుల వ్యాను కొని లోపల మార్పులు చేయించాలనుకుంటే రవాణా శాఖ అనుమతి తీసుకుని ఆర్‌సీలో ఎక్కించుకోవాలి. లేకపోతే ప్రమాదం జరిగిన రోజున బీమా కంపెనీ మొదట అడిగేది అదే. ఒక రాష్ట్రంలో రిజిస్టరైన బండిని మరో రాష్ట్రంలో 12 నెలలకు మించి ఉంచితే అక్కడ మళ్లీ రిజిస్ట్రేషన్ చేయించాలి. 55 దాటిన వారికి లైసెన్సు ఐదేళ్లకోసారే పొడిగిస్తారు, వైద్యుడి ధ్రువపత్రం కావాలి. ఎక్కడో రాజస్థాన్‌లో ఉన్నప్పుడు గడువు దాటిపోతే ఆ రోజు నుంచి మీ బీమా కాగితం మీదే. ఇక అద్దెకివ్వడం అన్న మాట మర్చిపోండి. సొంత వాడకానికి రిజిస్టరైన తెల్ల నంబరు పలక బండిని కిరాయికి తిప్పడం నేరం, బీమా కూడా వర్తించదు. అన్నట్టు, మీ తోటలోకి వెళ్లే పుంతలో ఈ బండి తిరుగుతుందో లేదో ఒకసారి అడుగులతో కొలిచి చూడండి. నవ్వులాటకు అనడం లేదు. దీన్ని ఎక్కడ నిలుపుతారన్నది కూడా ఖర్చే.

ఇప్పుడు అసలు విషయం. మీరు ఉత్తరంలో బండి ఎక్కే రోజు గురించే రాశారు. దిగే రోజు ఒకటి ఉంటుంది. అది 75వ ఏట రావచ్చు, మోకాళ్లు ఒప్పుకోకపోతే 66వ ఏటే రావచ్చు. ఆ రోజు మీ చేతిలో సగం ధరకు దిగిన బండి, ఇంటి డబ్బు 40 లక్షల్లో ఖర్చు కాగా మిగిలినది ఉంటాయి. బ్యాంకులోని 38 లక్షలు ముట్టకుండా అమలాపురంలో అప్పటి ధరలకు డాబా కొనగలరా? మీరు అమ్మిన ఇంటి వీధిలోనే అద్దె ఇల్లు వెతుక్కోవలసి రావచ్చు. ఇల్లు అమ్మి కొడుకు ఉన్న నగరానికి వెళ్లి, మూడేళ్లకు తిరిగి వచ్చి, సొంత ఊళ్లో వాటా అద్దెకు తీసుకున్న దంపతులు నాకు తెలుసు. అద్దె కట్టడం వారికి కష్టం కాలేదు. పాత ఇంటి ముందు నుంచి రోజూ నడవడమే కష్టమైంది.

ఇంకో సంగతి. ఆ దిగే రోజున బండి నడిపేది ఎవరు? మీ శ్రీమతి గారికి డ్రైవింగ్ వచ్చని మీరు రాయలేదు. మీకు ఏదైనా అయితే, భాష తెలియని ఊళ్లో అంత ఖరీదైన బండితో ఆవిడ ఏం చేస్తారు? ఆదాయం కూడా తగ్గుతుంది. మూల పింఛను ఆఖరి జీతంలో సగమైతే, కుటుంబ పింఛను మామూలుగా 30 శాతమే. అప్పుడు ఆవిడకు ఆధారం ఆ డాబాయే. మీ ఉత్తరంలో ‘మా’, ‘మేము’ చాలాసార్లు ఉన్నాయి, ఆవిడ ఏమన్నారన్నది మాత్రం ఎక్కడా లేదు.

ఇక నేనైతే ఏం చేస్తానంటారా? ఇల్లు ఉంచేస్తాను. కింది వాటా అద్దెకిచ్చి, పై వాటాకు తాళం వేసుకుంటాను. ఇల్లంతా మూసిపెట్టడం మన డెల్టాలో పనికిరాదు. ఒక్క ముసురుకే గోడలు చెమ్మ పడతాయి, అలికిడి లేని ఇంట్లో చెదలు తీరిగ్గా కాపురం పెడతాయి. అద్దె 9 వేలు వచ్చినా చాలు, కింద మనిషి ఉండటమే పెద్ద ఆదాయం. తోట కౌలు ఇప్పుడు నోటిమాట మీద ఉంటే కాగితం మీదకు తెచ్చుకోండి. ఆంధ్రప్రదేశ్ పంట సాగుదారుల హక్కుల చట్టం 2019లో వచ్చింది. దాని ప్రకారం 11 నెలల ఒప్పందం రాసుకుంటే మీ యాజమాన్యానికి ఇబ్బంది లేదు, కౌలుదారుకు కార్డు వస్తుంది. మీరు ఊళ్లో లేనప్పుడు కొబ్బరి దింపుల సంగతి ఫోనులో తేల్చుకోవడం కన్నా ఇది మేలు.

38 లక్షల్లో 30 లక్షలు సీనియర్ సిటిజన్స్ సేవింగ్స్ స్కీములో వేయండి. ఒకరికి పరిమితి అంతే. ఇప్పుడున్న 8.2 శాతం వడ్డీ ప్రకారం మూడు నెలలకోసారి 61,500 వస్తాయి. వేసిన రోజు వడ్డీ రేటే ఐదేళ్లూ ఉంటుంది. మీ శ్రీమతి గారిని జాయింటుగా చేర్చి, నామినీ పేరు కూడా రాయండి. ఐదేళ్లకు, అంటే మీకు 68 వచ్చేసరికి, ఆ 30 లక్షలు చెక్కుచెదరకుండా చేతికి వస్తాయి. దిగే రోజు ఖర్చుకు అదే నిధి. ధరలు పెరిగి దాని బలం కొంత తగ్గుతుంది, నిజమే. అయినా తుప్పు పట్టదు. మిగిలిన 8లో 3 లక్షలు ఆసుపత్రి కోసం ఎప్పుడంటే అప్పుడు తీసుకోగలిగేలా ఉంచండి. ఉద్యోగుల ఆరోగ్య పథకం కార్డు ఏ ఊళ్లో ఏ ఆసుపత్రిలో చెల్లుతుందో జాబితా దగ్గర ఉంచుకోండి. రాష్ట్రం దాటి తిరుగుతారు కాబట్టి ఇద్దరికీ ఒక సొంత ఆరోగ్య బీమా కూడా తీసుకోండి. 2025 సెప్టెంబరు 22 నుంచి వ్యక్తిగత పాలసీల మీద జీఎస్టీ లేదు. ముందు నుంచి ఉన్న జబ్బులకు గరిష్ఠంగా మూడేళ్లు ఆగాలి కాబట్టి మోకాళ్ల నొప్పుల సంగతి దాచకుండా రాయండి. దాచినది బయటపడేది క్లెయిము రోజునే.

చేతిలో 5 లక్షలు ఉంటాయి. ఈ సంక్రాంతి వెళ్లాక, జగ్గన్నతోట ప్రభలు చూసుకుని, ఇలాంటి బండి ఒకదాన్ని నడిపే మనిషితో సహా అద్దెకు తీసుకుని ఇరవై రోజులు తిరిగి రండి. అద్దె ఎక్కువే అడుగుతారు, బేరమాడి ఇచ్చేయండి. 34 లక్షల తప్పుకు అది చవకైన బీమా. నాలుగో రాత్రి ఆ మంచం మీద మోకాళ్లు ఏమంటాయో, తొమ్మిదో రోజు ఆ చిన్న వంటగట్టు దగ్గర ఇద్దరికీ ఎన్ని మాటలు పెరుగుతాయో అప్పుడే తెలుస్తుంది. ఆ తర్వాత కూడా ఇద్దరికీ మనసుంటే, వడ్డీ, అద్దె, కౌలు కలిపి నెలకు 33 వేల చొప్పున పక్కన పెట్టండి. రెండేళ్లలో 8 లక్షలు. ఉన్నదానితో కలిపితే 12 లక్షల దాకా అవుతుంది. అంతలో వచ్చే, కాగితాలు సరిగ్గా ఉన్న వాడిన బండి చూసుకోండి. ఈ రెండేళ్లూ ఇంట్లో కూర్చోమని కాదు. కారు, రైలు, అద్దె బండి, ఏదైనా సరే, తిరుగుతూనే ఉండండి. పింఛను ఉన్నది అందుకే.

బండి కొన్నాక కూడా పన్నెండు నెలలూ రోడ్డు మీద ఉండమని నేను చెప్పను. సంక్రాంతి నుంచి జూన్ దాకా తిరగండి. గోదావరికి ఎర్రనీరు వచ్చే వేళకు ఇంటికి చేరండి. పులస రోజుల్లో ఊరు విడిచిపెట్టడం ఎలాగూ అన్యాయం. అక్టోబరు, నవంబరు తుఫానుల కాలంలో తోట ఉన్న మనిషి ఊళ్లో ఉండటమే మంచిది. 1996 నవంబరు తుఫాను కోనసీమ కొబ్బరిని ఏం చేసిందో మీకు నేను చెప్పాలా?

ఇల్లు కొంటామన్నవారికి సంక్రాంతి తర్వాత చెబుతామని మర్యాదగా కబురు పెట్టండి. ఇరవై రోజుల ప్రయాణం అయ్యాక మళ్లీ ఉత్తరం రాయండి. ఈసారి మీ శ్రీమతి గారి చేత రాయించండి.