క్యాంపస్‌లో లాన్ తీసేసి ప్రెయిరీ పెంచాలంటే ఎక్కడ మొదలుపెట్టాలి?

మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇది: అమెరికా మిడ్‌వెస్ట్‌లో యూనివర్సిటీలో చేరారు. క్యాంపస్‌లో ఒక మూల మనిషెత్తు గడ్డిని కోయకుండా వదిలేశారు, వసంతం రాగానే దానికి వాళ్లే నిప్పు పెట్టారు. ఎందుకో తెలియలేదు. ఈలోగా మీ విద్యార్థి సంఘం అర ఎకరం లాన్‌ను ప్రెయిరీగా, అంటే అక్కడి సహజమైన గడ్డి, పూల మొక్కలతో నిండిన గడ్డినేలగా మారుద్దామంటోంది, ఆ పని మీమీద పెట్టింది.

నేను విస్కాన్సిన్ రాష్ట్రంలోని మాడిసన్‌లో చదువుకున్నాను. అక్కడి యూనివర్సిటీ ఆర్బొరేటంలో (చెట్లు, మొక్కలు పెంచి పరిశోధనలు చేసే పెద్ద వనం) శనివారాలు వాలంటీర్‌గా పనిచేసేవాణ్ణి. ఉద్యోగంలో చేరాక కూడా వీలు చిక్కినప్పుడల్లా వెళ్తున్నాను. నేను చెప్పేదంతా అక్కడి మట్టిలో నేర్చుకున్నదే.

ఈ మొత్తం వ్యవహారంలో విత్తనాలు చల్లడమే తేలికైన పని. అందుకని ఏ మొక్కలు వేద్దాం అనే చర్చకంటే ముందు, మీరంతా డిగ్రీలు పట్టుకుని వెళ్లిపోయాక ఆ అర ఎకరాన్ని ఎవరు చూస్తారో తేల్చుకోండి. క్యాంపస్ గ్రౌండ్స్ విభాగం వాళ్లతో కూర్చుని కాగితం మీద రాయించుకోండి: ఎవరు కోస్తారు, ఎప్పుడు కాలుస్తారు, కలుపు ఖర్చు ఎవరిది అని. ఇది లేకుండా మొదలుపెట్టిన ప్లాట్లు నాలుగైదేళ్లకు తుప్పలతో నిండిపోవడం చూశాను. నాకు చాలా బాధ కలిగించిన విషయం అది.

ఎందుకింత గట్టిగా చెబుతున్నానంటే, మాడిసన్‌లోని కర్టిస్ ప్రెయిరీని చూడండి. ప్రపంచంలో మనుషులు తిరిగి పెంచిన ప్రెయిరీల్లో అదే అన్నిటికంటే పాతది. 1934లో ఆర్బొరేటాన్ని ప్రారంభించారు, 1935లో ఈ పని మొదలైంది. అంతకుముందు అది వ్యవసాయ భూమి, గుర్రాలు మేసిన బీడు. ఆర్థిక మాంద్యం రోజుల్లో ప్రభుత్వం పని కల్పించిన యువకులు క్యాంపు వేసుకుని ఉండి, మిగిలిన ప్రెయిరీ ముక్కల నుంచి గడ్డిని వేళ్లతో సహా పెళ్లగించి తెచ్చి నాటారు. ప్రకృతి సంరక్షణకు పేరుపడ్డ ఆల్డో లియోపోల్డ్ లాంటివాళ్లు వెనక ఉన్నారు. అన్ని దశాబ్దాలు గడిచినా అక్కడ పని ఆగలేదు. ఇప్పటికీ కలుపు తీస్తూనే ఉన్నారు, కాలుస్తూనే ఉన్నారు.

ఇక నిప్పు సంగతి. పొడవు గడ్డి ప్రెయిరీల్లో బిగ్ బ్లూస్టెమ్, ఇండియన్ గ్రాస్ లాంటి గడ్డి జాతులు ఎండలు ముదిరాక పెరిగేవి. ఏప్రిల్‌లో అవి ఇంకా నేలలోపలే నిద్రలో ఉంటాయి, చిగురు వచ్చే చోటు మట్టి కిందే ఉంటుంది కాబట్టి పైన మంట పోయినా వాటికేమీ కాదు. వేళ్లు రెండు మీటర్ల లోతు దాటి పోతాయి. కానీ యూరప్ నుంచి వచ్చిన లాన్ గడ్డి చల్లని వాతావరణానికే పచ్చబడుతుంది. సరిగ్గా అది లేతగా ఉన్నప్పుడే మంట తగులుతుంది. చిన్నచిన్న చెట్ల మొలకలు కూడా కాలిపోతాయి. పాత చెత్త పోయి నేల నల్లగా బయటపడటంతో ఎండకు త్వరగా వేడెక్కుతుంది, ప్రెయిరీ మొక్కలు ఒక్కసారిగా లేస్తాయి. వృక్షశాస్త్రవేత్త జాన్ కర్టిస్ 1940లలో మాడిసన్‌లో ప్లాట్లు వేసి, కాల్చినవి, కాల్చనివి పోల్చి దీన్ని చూపించారు. ఆ ప్రెయిరీకి ఆయన పేరే పెట్టారు. అయితే ఇది శాస్త్రవేత్తలు కనిపెట్టిన పద్ధతి అనుకోకూడదు. మాడిసన్ నేల అక్కడి మూలవాసులైన హో-చంక్ జాతివాళ్లది. ఆ ప్రాంతపు గడ్డినేలలు అలా నిలబడటానికి మూలవాసులు తరతరాలుగా పెట్టిన నిప్పు కూడా ఒక కారణం. క్యాంపస్‌లో వాళ్ల పూర్వీకులు కట్టిన మట్టి దిబ్బలు ఇప్పటికీ ఉన్నాయి. ప్రెయిరీ గురించి బోర్డు పెట్టేటప్పుడు ఈ మాట తప్పక రాయండి.

నిప్పు మీరు పెట్టేది కాదు. దానికి అనుమతి కావాలి, ఫైర్ డిపార్ట్‌మెంట్‌కు ముందే చెప్పాలి, శిక్షణ ఉన్న క్రూ కావాలి, గాలి వేగం, తేమ సరిగ్గా కుదరాలి. కొంత శిక్షణ తర్వాత నాకు నీళ్ల పంపు వీపుకు తగిలించి అంచున నిలబడే పని ఇచ్చారు. గాలి ఎటు పోతోందో ఆ చివర ముందు కాల్చి నల్లటి పట్టీ తయారుచేస్తారు, తర్వాతే మిగతా వైపుల నుంచి మంటను లోపలికి పంపుతారు. అది చేరుకునేసరికి కాలడానికి ఏమీ మిగలదు. ఇంకో జాగ్రత్త: మొత్తం ఒకేసారి కాల్చనివ్వకండి. ఎండిన కాడల్లో, ఆకుల కింద పురుగులు, తేనెటీగ జాతులు చలికాలం గడుపుతాయి. ఏటా ఒక ముక్క మాత్రమే కాలిస్తే మిగతాచోట అవి బతుకుతాయి. 2017లో అంతరించిపోతున్న జాతిగా ప్రకటించిన రస్టీ ప్యాచ్డ్ బంబుల్‌బీ మాడిసన్ ఆర్బొరేటంలో ఇంకా కనిపిస్తుంది.

మీ అర ఎకరానికి వస్తే, మొదటి ఏడాదంతా లాన్‌ను చంపడానికే కేటాయించండి. ప్లాస్టిక్ షీటు కప్పి ఒక వేసవి ఉంచడం ఒక దారి, గడ్డిని చంపే మందు కొట్టడం ఇంకో దారి. మందు అంటే విద్యార్థుల్లో కొందరు ఒప్పుకోరు, నాకూ మనసొప్పదు, కానీ సగం చచ్చిన లాన్ మీద విత్తనాలు వేస్తే డబ్బంతా వృథా. విత్తనాలు మీ ప్రాంతం నుంచి సేకరించినవే కొనండి. చాలా జాతులకు చలి తగిలితేగానీ మొలక రాదు కాబట్టి నవంబర్, డిసెంబర్‌లలో చల్లితే మంచిది. తడి ఇసుకలో కలిపి చల్లితే సమంగా పడతాయి. గడ్డి విత్తనాలు చవక కదా అని ఎక్కువ వేయొద్దు, అవి పెరిగి పూల మొక్కలను మింగేస్తాయి. పూల మొక్కల్లో మిల్క్‌వీడ్ ఉండేలా చూడండి. అది మన జిల్లేడు కుటుంబానిదే, తుంచితే అలాగే పాలు కారతాయి, మోనార్క్ సీతాకోకచిలుక గొంగళిపురుగులు దాన్ని తప్ప ఇంకేదీ తినవు.

విత్తనాలు చల్లాక వచ్చే మొదటి ఎండాకాలం మీకు టెన్షన్ తప్పదు. కనిపించేదంతా కలుపే. అక్కడివాళ్లు మొదటి ఏడు నిద్ర, రెండో ఏడు పాకడం, మూడో ఏడు దూకడం అంటారు. నిజంగానే మొక్క బలమంతా వేరుకు పోతుంది. ఆ ఏడాది కలుపు అడుగెత్తు దాటినప్పుడల్లా ఆరు నుంచి ఎనిమిది అంగుళాల ఎత్తులో కోయించండి. కింద ఉన్న చిన్న మొలకలకు వెలుతురు అందుతుంది. కోస్తుంటే చూసేవాళ్లకు పెంచుతున్నారా చంపుతున్నారా అనిపిస్తుంది, పట్టించుకోకండి.

కలుపులో అన్నిటికీ ఒకే మందు లేదు. స్వీట్ క్లోవర్‌ను విత్తనం పడకముందే చేత్తో పీకాలి, ఎందుకంటే మంట దాని విత్తనాలను నిద్రలేపుతుంది. బక్‌థార్న్ పొదలు శీతాకాలం ముందు మిగతా చెట్ల ఆకులన్నీ రాలాక కూడా పచ్చగా ఉంటాయి. అప్పుడు గుర్తుపట్టి నరికి మోడుకు మందు పూయాలి, లేకపోతే పిలకలు గుంపుగా వస్తాయి. ఇక వర్షపు నీరు. పార్కింగ్ లాట్ నుంచి పారే నీరు మీ ప్లాట్‌లోకి వస్తుందేమో ఇప్పుడే ఒక వానలో నిలబడి చూడండి. ఆ నీటితో వచ్చే ఒండ్రు, పోషకాలు రీడ్ కెనరీ గడ్డికి విందుభోజనం. ఊరి వరద నీరు చేరి కర్టిస్ ప్రెయిరీలోనే తడి భాగాలను ఆ గడ్డి ఆక్రమించింది. అంత పేరున్న చోటే ఆపలేకపోతున్నారు, మీరు స్థలం మార్చుకోగలిగితే మార్చుకోండి.

క్యాంపస్‌లో ఇది బాగోలేదని ఫిర్యాదులు వస్తాయి. చుట్టూ ఒక కోత యంత్రం వెడల్పు పట్టీని ఎప్పుడూ నున్నగా కోసి ఉంచండి. ఇది కావాలని చేసిన పని అని దానితోనే సగంమందికి అర్థమవుతుంది. క్లాసులతో కలపగలిగితే ఇంకా మంచిది. మాడిసన్‌లోనే సరస్సు ఒడ్డున ఉన్న బయోకోర్ ప్రెయిరీ పాత పొలంలో డిగ్రీ విద్యార్థులు ప్రయోగాలు చేస్తూ పెంచుకొచ్చింది. పాఠంలో భాగం కావడంతో ఏటా కొత్త చేతులు వస్తూనే ఉంటాయి.

ఇండియాలో మీరు చదివిన హైదరాబాద్ క్యాంపస్‌లో కూడా ఇలా చేయొచ్చా అని చివర్లో అడిగారు. దక్కన్ గడ్డినేలలను కాపాడాలని నేనూ బలంగా కోరుకుంటాను. బండరాళ్ల మధ్య గడ్డి కనిపిస్తే ఖాళీ స్థలమని గుంతలు తీసి చెట్లు నాటడం ఆపాలి. బట్టమేక పిట్ట లాంటివాటికి తెరిపి గడ్డినేలే ఇల్లు, చెట్లు కాదు. కానీ మాడిసన్ క్యాలెండర్‌ను అక్కడికి ఎత్తుకెళ్లొద్దు. ఎండాకాలంలో నిప్పు పెట్టడం అసలు వద్దు. అక్కడ ముందు చేయాల్సింది వయ్యారిభామను పూతకు రాకముందే పీకడం, సర్కారు తుమ్మను తగ్గించడం, ఉన్న గడ్డి జాతులు ఏమిటో ఒక వానాకాలం తిరిగి రాసుకోవడం.

పనికి వెళ్లేటప్పుడు నిండు చేతుల చొక్కా, గ్లవ్స్ తప్పనిసరి. వైల్డ్ పార్స్‌నిప్ అనే కలుపు మొక్క రసం చర్మం మీద పడి ఎండ తగిలితే బొబ్బలు లేస్తాయి. ప్యాంటును సాక్సుల్లోకి దోపుకోండి. ఇంటికి రాగానే ఒంటిమీద టిక్స్ (రక్తం పీల్చే పిడుదులు) ఉన్నాయేమో వెతుక్కోండి, లైమ్ వ్యాధి వాటివల్లే వస్తుంది. గ్రౌండ్స్ విభాగం వాళ్లు ఏమన్నారో ఇక్కడే రాయండి, దాన్నిబట్టి విత్తనాల లిస్టు వేసుకుందాం.