నర్సింగ్ కాలేజీ టైటర్లు, టీకాలు: ముందు రక్తం ఇవ్వండి, ఆ తర్వాతే సూదులు

డాలస్ దగ్గర నర్సింగ్‌లో సీటు వచ్చింది, ఆగస్టు చివర్లో క్లినికల్స్ (ఆసుపత్రిలో చేసే శిక్షణ), ఖమ్మంలో చిన్నప్పుడు వేసిన టీకాల కార్డు ఎక్కడుందో తెలియదు, కాలేజీ మాత్రం ఎంఎంఆర్ (తట్టు, గవద బిళ్ళలు, రుబెల్లా), చికెన్‌పాక్స్, హెపటైటిస్ బి టైటర్లు (రక్తంలో రక్షణ ఎంత ఉందో చూసే పరీక్షలు), టీడాప్ (ధనుర్వాతం, డిఫ్తీరియా, కోరింత దగ్గు టీకా), టీబీ టెస్ట్ అన్నీ అడుగుతోంది, మళ్ళీ మొదటి నుంచి వేయించుకోవాలా అని అడిగారు. 2018లో నాదీ అచ్చం ఇదే పరిస్థితి. గుంటూరు జిల్లా నుంచి వచ్చి టెక్సస్‌లోనే నర్సింగ్ చదివాను, ఇప్పుడు ఆసుపత్రిలో పని చేస్తున్నాను. అప్పట్లో నాకు ఎవరూ చెప్పనివన్నీ మీకు చెప్తాను.

ముందు ఆ టెన్షన్ తీసేసుకోండి. ఒకసారి వేసిన టీకా ఇంకోసారి వేయించుకున్నంత మాత్రాన ప్రమాదమేమీ లేదు. కార్డు కోసం ఇంట్లో వాళ్ళను మరీ ఇబ్బంది పెట్టకండి. మా అమ్మ ట్రంకుపెట్టె అడుగు నుంచి నా కార్డు తీసి వీడియో కాల్‌లో చూపించింది. మడతల దగ్గర చిరిగి, పసుపు మరకలతో ఉంది. నర్సమ్మ సంతకాలు ఉన్నాయి, తేదీలు ఉన్నాయి, కొన్నిచోట్ల సంవత్సరమే లేదు. కాలేజీ ఒప్పుకోలేదు. ఒప్పుకున్నా పెద్దగా పనికొచ్చేది కాదు. మన చిన్నప్పుడు సర్కారు టీకాల్లో తట్టు టీకా ఒక్క డోసే, రెండో డోసు 2010లో మొదలైంది. గవద బిళ్ళలకు, ఆటలమ్మకు సర్కారు టీకా అసలు లేదు. హెపటైటిస్ బి దేశమంతటికీ వచ్చింది 2011లో. అంతకుముందు, 1997లో మన హైదరాబాద్ శాంతా బయోటెక్నిక్స్ షాన్‌వాక్ బి తెచ్చాక ఆ టీకా చవకైంది. మా ఊళ్ళో క్యాంపు పెట్టి వేశారు, నేనూ వరుసలో నిలబడి చేయి చాపాను. కానీ చేతికి కాగితం ఇవ్వలేదు. ఇక్కడ కాగితం లేని టీకా వేయనట్టే లెక్క.

అందుకే ఈ వారమే రక్తం ఇచ్చేయండి. తట్టు, గవద బిళ్ళలు, రుబెల్లా, చికెన్‌పాక్స్ నాలుగింటికీ ఐజీజీ అడగండి, ఐజీఎం కాదు. ఐజీజీ అనేది ఒంట్లో రక్షణ ఉందా అని చూసేది, ఐజీఎం ఇప్పుడు జబ్బు ఉందా అని చూసేది. హెపటైటిస్ బికి ‘సర్ఫేస్ యాంటీబాడీ, క్వాంటిటేటివ్’ (అంటే ఎంత ఉందో నంబర్‌తో చెప్పేది) అని చీటీ మీద రాసి ఉందో లేదో మీ కళ్ళతో చూసుకోండి. నాకు క్లినిక్ వాళ్ళు యాంటీబాడీ బదులు యాంటీజెన్ రాశారు. రిపోర్టులో ‘నాన్ రియాక్టివ్’ అని వస్తే నేను సంబరపడిపోయి అప్‌లోడ్ చేశాను, మూడో రోజుకి తిప్పి పంపారు. యాంటీజెన్ నాన్ రియాక్టివ్ అంటే ఒంట్లో వైరస్ లేదని, అంతే. రక్షణ ఉందో లేదో యాంటీబాడీ చెప్తుంది, అక్కడ మనకు కావాల్సింది ‘రియాక్టివ్’. సరైన టెస్ట్ చేయించేసరికి ఇంకో పది రోజులు పోయాయి, మళ్ళీ డబ్బు కట్టాను. ఆ నంబర్ 10 గానీ అంతకన్నా ఎక్కువ గానీ ఉండాలి. నాది 4.

నంబర్ తగ్గితే కంగారు పడకండి. ఏళ్ళు గడిస్తే యాంటీబాడీలు తగ్గడం మామూలే. నా దగ్గర కాగితం లేదు కాబట్టి కోర్సు మొత్తం కొత్తగా మొదలుపెట్టారు: మొదటి రోజు ఒకటి, నెల తర్వాత ఒకటి, ఆరో నెలకు ఒకటి. ఆ ఆరు నెలల వల్ల నా క్లినికల్స్ ఒక సెమిస్టర్ వెనక్కి పోయాయి. పద్దెనిమిదేళ్ళు దాటినవాళ్ళకి హెప్లిసావ్ బి అని నెల తేడాతో రెండే డోసుల టీకా ఉందని తర్వాత తెలిసింది. మీరు తప్పకుండా దాని గురించి అడగండి. చివరి డోసు అయిన నెల నుంచి రెండు నెలల లోపు టైటర్ చేయించాలి. కోర్సు నడుస్తుండగా క్లినికల్స్‌కి పంపుతారా లేదా అన్నది మీ కాలేజీని ఈమెయిల్‌లో అడిగి, జవాబు దాచుకోండి.

టీబీ సంగతి మనవాళ్ళకు ప్రత్యేకం. మన భుజం మీద బీసీజీ (చిన్నప్పుడు వేసే టీబీ టీకా) మచ్చ ఉంటుంది కదా, దాని వల్ల చర్మం టెస్ట్ జబ్బు లేకపోయినా పాజిటివ్ చూపించవచ్చు. నా ముంజేతి మీద సూది వేశాక రెండో రోజుకి చిన్న గడ్డ తేలింది. నర్సు ఎర్రదనం పట్టించుకోలేదు. వేలితో తడుముతూ గట్టిదనం ఎక్కడ ఆగుతుందో చూసి, అటూ ఇటూ పెన్నుతో గీత పెట్టి, స్కేలుతో కొలిచింది. 11 మిల్లీమీటర్లు. ఇండియా లాంటి దేశం నుంచి వచ్చి ఐదేళ్ళు దాటనివాళ్ళకి 10 గానీ అంతకన్నా ఎక్కువ గానీ ఉంటే పాజిటివే. ఎక్స్‌రే క్లియర్, తర్వాత క్వాంటిఫెరాన్ రక్త పరీక్ష నెగటివ్. మధ్యలో నాకు రెండు వారాలు నిద్ర లేదు. బీసీజీ ప్రభావం ఆ రక్త పరీక్ష మీద ఉండదు కాబట్టి మీరు నేరుగా అదే చేయించుకోండి, టైటర్లకు రక్తం ఇచ్చే రోజే.

అదే రోజు ఎందుకంటే ఎంఎంఆర్, చికెన్‌పాక్స్ రెండూ లైవ్ టీకాలు (బలహీనం చేసిన బతికున్న వైరస్‌తో చేసినవి). అవి వేయించుకున్నాక టీబీ టెస్ట్ చేయాలంటే నాలుగు వారాలు ఆగాలి. నాతో చదివిన ఒకమ్మాయి ముందు ఎంఎంఆర్ వేయించుకుని వారానికి టీబీ టెస్ట్‌కి వెళ్ళింది, వెనక్కి పంపేశారు. ఈ రెండు టీకాలనూ ఒకే రోజు వేయించుకోవచ్చు. వేర్వేరు రోజులైతే మధ్యలో 28 రోజులు ఉండాలి. ఒక్కోదానికి రెండేసి డోసులు, ఎంఎంఆర్ డోసుల మధ్య కూడా 28 రోజులే. గర్భిణులు వీటిని వేయించుకోకూడదు, వేయించుకున్నాక నెల రోజులు గర్భం రాకుండా చూసుకోవాలి.

నాకు తట్టు, రుబెల్లా పాజిటివ్ వచ్చాయి, గవద బిళ్ళలకు రాలేదు, ఎంఎంఆర్ రెండు డోసులూ వేయించుకున్నాను. చికెన్‌పాక్స్ మాత్రం బలంగా పాజిటివ్. ఐదో తరగతిలో అమ్మవారు పోసి, వేపాకులు పరిచిన మంచం మీద పడుకున్నాను. ఆ సంగతి నోటితో చెప్తే కాలేజీ వినదు, టైటర్ చూపిస్తే వింటుంది.

టీడాప్ తేలిక, ఒక్క సూది, తర్వాత పదేళ్ళకోసారి బూస్టర్. ఫ్లూ టీకా ప్రతి ఏడాదీ. ఇన్సూరెన్స్ లేకపోతే మీ కౌంటీ హెల్త్ డిపార్ట్‌మెంట్‌లో ధరలు కనుక్కోండి, నాకు అక్కడ బాగా తగ్గింది. ప్రతి కాగితం మీదా మీ పేరు పాస్‌పోర్ట్‌లో ఉన్నట్టే ఉండాలి.

రిపోర్టులు వచ్చాక హెపటైటిస్ బి నంబర్, క్లినికల్స్ మొదలయ్యే తేదీ ఇక్కడే రాయండి. ఏది ముందు, ఏది తర్వాత అన్నది ఇద్దరం కూర్చుని లెక్క వేద్దాం.